హుంగ్ గార్‌లో పులి, కొంగ: జంతువులను అనుకరించడమేనా?

దక్షిణ చైనా యుద్ధకళల్లో పులి శైలి, కొంగ శైలి అంటే ఆ జంతువుల్లా కదలడమేనా, అవి నిజమైన పోరాటంలో పనికొస్తాయా అని మీరు అడిగారు. ఉద్యోగరీత్యా హాంకాంగ్‌లో ఉన్న కాలంలో కౌలూన్‌లోని ఒక చిన్న శిక్షణశాలలో హుంగ్ గార్ అనే యుద్ధకళా శాఖను అభ్యసించాను కాబట్టి, ప్రధానంగా దాన్నే ఆధారం చేసుకునే సమాధానం చెబుతాను.

గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు ఈ సంప్రదాయంలో పులి, కొంగ, చిరుత, పాము, డ్రాగన్ అని ఐదు జంతువులున్నాయి. బలం శరీరంలో ఎక్కడ పుట్టి ఏ తీరున వెలువడాలో ఆ పేర్లు సూచిస్తాయి. పులి ఎముకను గట్టిపరుస్తుందని, చిరుత సత్తువను పెంచుతుందని గురుపరంపరలో చెబుతారు. ఫోషాన్‌కు చెందిన గురువు వాంగ్ ఫీ హుంగ్ కూర్చినదిగా చెప్పే, ఆయన శిష్యుడు లామ్ సై వింగ్ హాంకాంగ్‌లో నేర్పిన పులి-కొంగ జంట విన్యాసంలో (వరుసగా చేసే నిర్ణీత కదలికల్లో) పులి బలమూ కొంగ బలమూ పక్కపక్కనే కనిపిస్తాయి.

పులి పంజా పైకి వేళ్లు వంచిన చెయ్యిలాగే ఉంటుంది. అయితే మణికట్టును వెనక్కి వంచి, అరచేతి మడమను, అంటే మణికట్టు పక్కనున్న గట్టి భాగాన్ని, ముందుకు తోసి, ప్రతి వేలికీ పై రెండు కణుపులను మాత్రమే ముడవాలి. మా గురువుగారు తన బొటనవేలితో మా వేలికొసలను ఒక్కొక్కటిగా నొక్కి చూసేవారు. ఏదైనా వేలు లొంగిపోతే వేలిని వదిలేసి, బయటికి తెరుచుకున్న మోచేతిని లోపలికి సర్దేవారు. దెబ్బ మొదట అరచేతి మడమతో పడుతుంది, ఆ వెంటనే వేళ్లు పట్టుకుని కిందికి లాగుతాయి. కొంగ ఇందుకు భిన్నం. బరువంతా వెనుక కాలి మీదికి వెళ్తుంది, ఎదుటివాడి బలానికి ఎదురు నిలవకుండా దాని దారి నుంచి తప్పుకుని, ఐదు వేళ్ల కొసలు కలిపిన ముక్కుతోనో, వంచిన మణికట్టు వెనుక భాగంతోనో కొడుతుంది. చిరుత పిడికిలిలో వేళ్లు సగమే ముడుచుకుంటాయి, పక్కటెముకల వంటి ఇరుకైన చోట్లకు అది అనువు.

ఇక రూపానికీ పేరుకూ పొంతన ఉండాలనే నియమమూ లేదు. షాండాంగ్‌లో పుట్టిన ఉత్తరాది గొల్లభామ శైలిలో కొక్కెంలా వంచిన చేతులు కనిపిస్తాయి. హక్కా ప్రజల్లో పెరిగిన దక్షిణాది గొల్లభామ శైలి మోచేతులను దగ్గరగా ఉంచి అతి సమీపం నుంచి పోరాడే, దానితో దాదాపు సంబంధమే లేని పద్ధతి. ఫుజియాన్ తెల్లకొంగ శైలి ప్రభావం ఒకినావా కరాటే మీద ఉంది, గోజు ర్యూ అనే కరాటే శాఖకు మూలపురుషుడైన హిగఒన్నా కన్‌ర్యో ఫుజౌ వెళ్లి అభ్యసించినవారే. కాబట్టి మన ఊళ్లలో గోజు ర్యూ నేర్చుకుని అందులోని సాంచిన్ అనే కటా (విన్యాసం) చేసినవారు, కొంగ అన్న పేరు వినకుండానే ఆ వారసత్వాన్ని కొంత అందుకున్నట్టే. తగలబడిన దక్షిణ షావోలిన్ ఆలయం నుంచి ఇదంతా వచ్చిందన్న కథను మాత్రం చరిత్రగా తీసుకోకండి.

పోరాటానికి పనికొస్తుందా అన్నది జంతువు కంటే శిక్షణ మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. మా దగ్గర తొడలు నేలకు సమాంతరంగా ఉండే గుర్రపు నిలకడకు, ఇద్దరు ఎదురెదురుగా నిలిచి ముంజేతులు ఢీకొట్టుకునే సాధనకు ఎక్కువ సమయం పోయేది. ఆ తర్వాత కమిలిన ముంజేతులకు ఘాటు వాసన వచ్చే మూలికల తైలం పట్టించేవారు, ఆ వాసనకు మెట్రోలో పక్కవాళ్లు దూరం జరిగేవారు కూడా. గ్లవ్స్ వేసుకుని ఆడే పోటీలో పులి పంజాకు చోటు లేదు, నిలకడకూ ముంజేతి బలానికీ ఉంది. ఎవరితోనూ తలపడనీయకుండా విన్యాసాలు మాత్రమే నేర్పే చోట చేరవద్దని నా సలహా; చేరేముందు ఒక తరగతి పూర్తిగా కూర్చుని చూడండి, జంటగా చేసే సాధనకు ఎంత సమయం ఇస్తున్నారో గమనించండి.