ఆన్‌లైన్ ధ్రువీకరణ దగ్గర ఆగిపోయిన అమ్మాయికి

అమ్మాయీ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు వింటే మనసు చివుక్కుమంది. మూడుసార్లు ప్రయత్నించినా "ధ్రువీకరణ విఫలమైంది" అనే వస్తోందని, నన్ను దొంగననుకుంటోందేమోనని అన్నావు. లేదమ్మా. ఏళ్ల తరబడి కౌంటర్ వెనక కూర్చుని ఇలాంటి దరఖాస్తులు ఎన్నో చూశాను. మెషీన్‌కి నీ మీద అనుమానం ఉండదు. దానికి ఏదో ఒకటి సరిగ్గా కనపడలేదు, అంతే.

అది అడిగేవి మూడే. ఈ పత్రం అసలుదేనా, ఇది నీదేనా, ఇప్పుడు కెమెరా ముందున్నది నువ్వేనా. ఎక్కడ ఆగిందో ముందు చూడు. అది చూసుకోకుండా టెన్షన్‌లో మళ్లీ మళ్లీ నొక్కితే కొన్ని చోట్ల అకౌంట్ కాసేపు లాక్ అయిపోతుంది.

నువ్వు పాస్‌పోర్టు పెట్టానన్నావు కదా, దాని ఫోటో పేజీ అడుగున చూడు. రెండు వరుసలుంటాయి, ఒక్కో వరుసకి 44 గడులు, ఖాళీ గడుల్లో బాణం మొనలాంటి గుర్తులు. ఏ దేశపు పాస్‌పోర్టులోనైనా ఇదే పద్ధతి, అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెట్టింది. పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, గడువు తేదీల పక్కన, వాటి నుంచే లెక్కగట్టిన ఒక్కో సరిచూసే అంకె కూడా ఉంటుంది. లైటు మెరుపు పడి కెమెరా ఒక్క అంకెను తప్పుగా చదివినా ఆ లెక్క కుదరదు, పత్రం వెనక్కొచ్చేస్తుంది. రాత్రి ట్యూబ్‌లైటు కింద తీశావు కాబట్టి నీకు జరిగింది ఇదేనని నా అనుమానం. పగలు కిటికీ పక్కన, ముదురు రంగు గుడ్డ మీద పెట్టి, ఫ్లాష్ ఆపేసి తియ్యి. నాలుగు మూలలూ ఫ్రేములో పడాలి, వేలు అడ్డం రాకూడదు.

పాస్‌పోర్టులో చిప్ ఉండి, దాన్ని ఫోన్‌తో చదవమంటే ఫోన్ కవర్ తీసేసి, ఫోన్‌ని పాస్‌పోర్టు మీద ఆనించి కదపకుండా ఉంచు. మధ్యలో కదిపావో మళ్లీ మొదటికే.

సెల్ఫీకి పెద్ద కష్టం లేదు. వెలుతురు ముఖం మీద పడాలి, వెనక నుంచి కాదు. కళ్లద్దాలు తియ్యి. తల తిప్పమంటే నిదానంగా తిప్పు.

పేరు దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. ఒక పత్రంలో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరంతో ఉంటే మనిషి అర్థం చేసుకుంటాడు, మెషీన్ చేసుకోదు. ఒక్క అక్షరం తేడా వల్ల నా సొంత కాగితమే ఒక ఆఫీసులో రెండు నెలలు ఆగిపోయింది. ఎంత తిరిగానో నాకే తెలుసు. ఏ పత్రం అప్‌లోడ్ చేస్తున్నావో దాంట్లో ఉన్నట్టే ఫారంలోనూ పేరు రాయి.

లాగిన్‌కి అడిగే కోడ్‌ని చూపించే యాప్ వాడుతుంటే అందులో అంకెలు సాధారణంగా 30 సెకన్లకోసారి మారతాయి. ఫోన్‌లో టైము తప్పుగా ఉంటే సరైన కోడ్ కొట్టినా తీసుకోదు, అందుకే టైము ఆటోమేటిక్‌లో పెట్టుకో. ఫోన్ నంబరు మారుస్తుంటే మాత్రం పాత సిమ్ వదిలెయ్యకముందే అన్నిచోట్లా కొత్తది నమోదు చెయ్యి. పాత నంబర్లను కంపెనీలు వేరేవాళ్లకి ఇస్తుంటాయి. నీ ఓటీపీలు వాళ్లకి వెళ్లడం నాకిష్టం లేదు.

"మీ ధ్రువీకరణ ఆగిపోయింది, మేం చేసిపెడతాం, కోడ్ చెప్పండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే మాట పెంచకుండా పెట్టెయ్. ఎంత మర్యాదగా మాట్లాడినా సరే. మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కొద్దు, సైట్ అడ్రసు నువ్వే టైప్ చెయ్యి.

ఇంతా చేసినా కాకపోతే నేరుగా ఆఫీసుకెళ్లి చేయించుకునే వీలుందేమో కనుక్కో. అలా అడగడానికి మొహమాటపడకు.

రేపు పగలు ఒకసారి ప్రయత్నించు. మళ్లీ ఆగితే స్క్రీన్ మీద ఏమొచ్చిందో ఉన్నదున్నట్టు టైప్ చేసి పంపు. పాస్‌పోర్టు ఫోటో మాత్రం పంపకు, నాక్కూడా వద్దు.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ