అంతరిక్షంలో మసిలాంటి అణువులున్నాయని ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: నక్షత్రాల మధ్య పెద్ద కర్బన అణువులున్నాయంటారు. నమూనా తేకుండా ఎలా చెప్తున్నారు?

పలాసలో జీడిపిక్కలు కాల్చే బట్టీ పొగగొట్టం లోపల వేలు పెట్టి రాస్తే నల్లటి జిడ్డుమసి అంటుకుంటుంది. అందులోని పీఏహెచ్‌లే, అంటే ఒకదానికొకటి అతుక్కున్న బెంజీన్ వలయాలే, అంతరిక్షంలోనూ ఉన్నాయి. బట్టల్లో వేసే కలరా ఉండ (నాఫ్తలీన్) వీటిలో చిన్నది: 2 వలయాలు, 10 కార్బన్లు.

మొదటి ఆధారం పరారుణ కాంతి. ఒక్క అతినీలలోహిత ఫోటాన్ తగిలితే చాలు, అణువు వేడెక్కి, కంపిస్తూ 3.3, 6.2, 7.7, 8.6, 11.2 మైక్రాన్ల తరంగదైర్ఘ్యాల దగ్గర వెలుగుతుంది. 3.3 కార్బన్-హైడ్రోజన్ బంధానిది, 6.2 కార్బన్-కార్బన్‌ది. ఈ 6.2ను మన గాలిలోని నీటి ఆవిరి మింగేస్తుంది కాబట్టి జేమ్స్ వెబ్ లాంటి అంతరిక్ష టెలిస్కోపుతో చూడాలి. అయితే ఈ కంపనాలు పీఏహెచ్‌లన్నిటికీ దాదాపు ఒకటే. ఇంటిపేరు తెలుస్తుంది, మనిషి పేరు తెలియదు.

పేరు రేడియో తరంగాలు చెప్తాయి. తిరిగే ప్రతి అణువుకూ తనవే అయిన రేఖలుంటాయి. కాకపోతే నాఫ్తలీన్‌లా సౌష్ఠవంగా ఉన్నదానికి ధ్రువత (ఒకవైపు ధన, ఇంకోవైపు రుణ ఆవేశం) ఉండదు, రేడియోలో కనపడదు. అందుకే ధ్రువత తెచ్చే సైనో గుంపు (ఒక కార్బన్, ఒక నైట్రోజన్) తగిలినవాటిని వెతికారు. వృషభరాశిలోని టీఎంసీ-1 మేఘంలో, 100 మీటర్ల గ్రీన్ బ్యాంక్ టెలిస్కోపుతో 2018లో బెంజోనైట్రైల్, 2021లో సైనోనాఫ్తలీన్, 2024లో 4 వలయాల సైనోపైరీన్ దొరికాయి. రేఖలు బాగా బలహీనం. చాలా రేఖల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి కలిపితేగాని పైకి తేలవు.

ఒక జాగ్రత్త: కాలేజీ ల్యాబులో పొటాషియం బ్రోమైడ్ బిళ్లతో తీసిన పరారుణ వర్ణపటాన్ని అంతరిక్షం నుంచి వచ్చే పరారుణ కాంతితో నేరుగా పోల్చకండి. ఘనంలో పక్క అణువుల ప్రభావానికి రేఖలు జరుగుతాయి, వెడల్పవుతాయి. 10 కెల్విన్ దగ్గర గడ్డకట్టిన జడవాయువు ఆర్గాన్‌లోనో, వాయుస్థితిలోనో కొలిచినవే పనికొస్తాయి.