పైటెస్ట్ టెస్టులకు జట్టు, ప్రాధాన్యం, రిక్వైర్‌మెంట్ సంఖ్య: డెకరేటర్లతో రాసుకున్న అనుభవం

పైథాన్ కోడును పరీక్షించే పైటెస్ట్ అనే సాధనంలో రాసిన దాదాపు వేయి టెస్టులకు సంబంధించిన జట్టు పేరు, ప్రాధాన్యం, రిక్వైర్‌మెంట్ సంఖ్య (టెస్టు ఏ అవసరాన్ని పరీక్షిస్తుందో చెప్పేది) ఒక ఎక్సెల్ షీటులో ఉన్నాయని, వాటిని డెకరేటర్ల (ఫంక్షన్ పైన @ గుర్తుతో రాసే పంక్తుల) రూపంలో కోడులోకి తేవాలా, తెస్తే సొంత డెకరేటర్ రాసుకోవాలా అని మీరు అడిగారు. తప్పకుండా తేవాలి, డెకరేటర్ కూడా సొంతంగానే రాసుకోవచ్చు. అయితే అది టెస్టును చుట్టకూడదు, పైటెస్ట్ మార్కర్‌ను, అంటే టెస్టుకు అతికించే చీటీని, మాత్రమే తిరిగి ఇవ్వాలి.

చుట్టకూడదని ఎందుకు అంటున్నానంటే, నాలుగేళ్ల క్రితం ఒక బిల్లింగ్ ప్రాజెక్టులో నేను చేసిన పని అదే. నా డెకరేటర్ లోపల ఇంకొక ఫంక్షన్ సృష్టించి, దాని ద్వారా అసలు టెస్టును పిలిచేది. ఫిక్స్చర్లు, అంటే టెస్టుకు కావలసినవి ముందుగా సిద్ధం చేసి అందించే ఫంక్షన్లు, అవసరం లేని టెస్టులన్నీ చక్కగా నడిచాయి; ఫిక్స్చర్లు కోరినవి మాత్రం ఆర్గ్యుమెంట్ అందలేదంటూ విఫలమయ్యాయి. ఏ ఫిక్స్చర్ అందించాలో పైటెస్ట్ టెస్టు పారామీటర్ల పేర్లను చూసి తెలుసుకుంటుంది. నా చుట్టుడు ఫంక్షన్‌లో ఆ పేర్లే లేవు. అసలు ఫంక్షన్ వివరాలను చుట్టుడు ఫంక్షన్‌కు అందించే ర్యాప్స్‌ను (ఇది పైథాన్ ఫంక్‌టూల్స్‌లో ఉంది) వాడితే ఆ లోపం తొలగుతుంది. కానీ చీటీ అతికించడానికి డబ్బాను మరో డబ్బాలో పెట్టవలసిన పని లేదు కదా. పైటెస్ట్ మార్కర్ చేసేది అతి స్వల్పం: ఫంక్షన్‌కు ఉండే పైటెస్ట్‌మార్క్ అనే జాబితాలో ఒక వస్తువును చేర్చి, అదే ఫంక్షన్‌ను తిరిగి ఇస్తుంది.

అలాగని మార్కర్లను నేరుగా వాడితే వేరే చిక్కు వస్తుంది. మా జట్టులో ఒకరు రీఫండ్ టెస్టు మీద స్మోక్ (ముఖ్యమైనవి పనిచేస్తున్నాయో త్వరగా చూసే టెస్టుల గుర్తు) అనే మార్కర్ స్పెల్లింగులో చివరి అక్షరం వదిలేశారు. నమోదు కాని మార్కర్‌కు పైటెస్ట్ మామూలుగా హెచ్చరిక మాత్రమే ఇస్తుంది. మా లాగ్‌లో అప్పటికే ఉన్న హెచ్చరికల గుంపులో అది కలిసిపోయింది. దాంతో ఆ టెస్టు మూడు వారాల పాటు స్మోక్ బిల్డులో నడవనే లేదు, రీఫండ్‌లోని లోపం వినియోగదారు చెబితే గాని మాకు తెలియలేదు. మార్కర్ల పేర్లను పైటెస్ట్ ఇని అనే సెట్టింగుల ఫైలులో నమోదు చేసి, 4.5 వెర్షన్ నుంచి ఉన్న స్ట్రిక్ట్ మార్కర్స్ ఆప్షన్‌ను పెడితే ఇలాంటి పొరపాటు దోషంగా బయటపడుతుంది. అయినా అది మార్కర్ పేరునే పరిశీలిస్తుంది, లోపల రాసే విలువలను కాదు. అందుకే మెటా అనే చిన్న ఫంక్షన్ రాసుకోండి: జట్టు, ప్రాధాన్యం, రిక్వైర్‌మెంట్ అనే మూడు విలువలను పేర్లతో సహా తీసుకొని, అనుమతించిన జాబితాతో సరిపోల్చి, సరిపోతే అవే విలువలతో మార్కర్ ఇస్తుంది, లేకపోతే ఎర్రర్ ఇస్తుంది. ఈ తనిఖీ మాడ్యూల్ ఇంపోర్ట్ అయ్యేటప్పుడే జరుగుతుంది కాబట్టి తప్పు విలువ ఉంటే టెస్టులను సేకరించే దశలోనే రన్ ఆగిపోతుంది.

మీరు తప్పక జాగ్రత్తపడవలసిన చోటు ఇంకొకటి ఉంది. జట్టు పేరును క్లాసు మీద, ప్రాధాన్యాన్ని ఒక్కొక్క టెస్టు మీద రాయడం సహజంగా అనిపిస్తుంది. కానీ గెట్ క్లోజెస్ట్ మార్కర్ అనే పద్ధతి అన్నిటికంటే దగ్గరి మార్కర్‌ను ఒక్కదానినే ఇస్తుంది; టెస్టు మీద మెటా ఉంటే క్లాసు మీది మెటా దానికి కనిపించదు, జట్టు పేరు ఖాళీగా మిగులుతుంది. దాని బదులు ఐటర్ మార్కర్స్‌తో అన్ని స్థాయిల మార్కర్లను తీసుకోండి. అది దగ్గరి దానితో మొదలుపెట్టి దూరానికి వెళ్తుంది కాబట్టి, వరుసను తిరగవేసి ఒక డిక్షనరీలో కలిపితే టెస్టు మీది విలువ క్లాసు మీది విలువను సవరిస్తుంది. ఇలా చేస్తే ఏ విలువ అయినా లేకపోవచ్చు కాబట్టి, మూడూ ఉన్నాయా లేవా అన్న పరిశీలనను కలిపిన తరువాతే చేయాలి.

ఈ కలపడం, పరిశీలించడం రెండూ కాన్ఫ్‌టెస్ట్ అనే ఉమ్మడి ఫైలులోని కలెక్షన్ మాడిఫై ఐటమ్స్ హుక్‌లో (టెస్టులను సేకరించాక పైటెస్ట్ తానే పిలిచే ఫంక్షన్‌లో) చేయండి. అక్కడే ప్రతి టెస్టుకు ఉండే యూజర్ ప్రాపర్టీస్ అనే జాబితాకు ఈ మూడింటినీ చేర్చితే అవి టెస్టు ఫలితాల జేయూనిట్ ఎక్స్ఎంఎల్ నివేదికలోకి వెళ్తాయి. విఫలమైన టెస్టు ఏ జట్టుదో, టెస్టులను తనంతట తానే నడిపే పైప్‌లైన్ ఆ నివేదికలో చదివి వారికే కబురు పంపగలదు. మీ నివేదికను ఎవరైనా తాజా స్కీమాతో (నివేదిక ఆకృతి నియమాలతో) కఠినంగా సరిచూస్తుంటే మాత్రం టెస్టు స్థాయి ప్రాపర్టీలు అందులో ఒప్పవు, ముందే కనుక్కోండి. ప్రాధాన్యాన్ని బట్టి ఎంపిక చేసుకోవడానికి 8.3 వెర్షన్ నుంచి, మార్కర్లను బట్టి టెస్టులను ఎంచే ఎమ్ ఆప్షన్‌లోనే మార్కర్ విలువను రాయవచ్చు, అయితే అది ఒక్కొక్క మార్కర్‌లో రాసిన విలువలనే చూస్తుంది, మనం కలిపిన వాటిని కాదు. పాత వెర్షన్ అయితే హుక్‌కు ట్రైఫస్ట్ (మిగతా వాటికంటే ముందు నడపమనే గుర్తు) పెట్టి, ప్రాధాన్యం పేరుతో మరో మార్కర్‌ను అక్కడే చేర్చండి.

రాసినవారి పేరు, తేదీ, టెస్టుకు పట్టే సమయం మార్కర్లలో పెట్టకండి. మొదటి రెండూ కోడు మార్పుల చరిత్రను దాచే గిట్‌కు తెలుసు, మూడవది డ్యూరేషన్స్ ఆప్షన్ చెబుతుంది. ఫిక్స్చర్ల మీద మార్కర్ పెట్టినా ప్రయోజనం లేదు.

వేయి టెస్టులను ఒకేసారి మార్చాలని చూడకండి. మాడ్యూల్ పైభాగంలో పైటెస్ట్‌మార్క్ చరరాశితో ముందుగా జట్టు పేర్లు పెట్టి, మిగిలిన రెండింటినీ షీటు నుంచి చిన్న స్క్రిప్టుతో నింపండి. అంతా పూర్తయ్యే వరకు హుక్‌లోని పరిశీలన హెచ్చరికగానే ఉండనివ్వండి. మేము షీటును తీసివేయలేదు, కోడు నుంచి ప్రతి రాత్రీ తయారయ్యేలా మార్చాము. మా మేనేజరు ఇప్పటికీ దానినే తెరిచి చూస్తారు, కాకపోతే అందులో చేత్తో ఏది మార్చినా మరునాటికి చెరిగిపోతుంది.