పదో తరగతి అయ్యేదాకా ఆగొద్దమ్మా

అమ్మా,

మన భవిత కేంద్రంలోని దివ్యాంగ పిల్లలు నలుగురు ఈ ఏడు తొమ్మిదికి వచ్చారని, వాళ్ల సంగతి తలుచుకుంటే టెన్షన్‌గా ఉందని రాశావు. వాళ్లను పనికి సిద్ధం చేయడం ఇప్పుడే మొదలుపెట్టు. మన అనంతపురం పల్లెల్లో ఇలాంటి పిల్లలు చాలామంది పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో కూర్చుండిపోతారు.

ముందు కాగితాలు. వైకల్యం శాతం చెప్పే సదరం సర్టిఫికెట్‌లో, దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీలో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయో చూడు. వైకల్యం 40 శాతమైనా ఉంటే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, ప్రభుత్వ కాలేజీ సీట్లలో 5 శాతం రిజర్వేషన్ ఉంది. కానీ అందరికీ సర్కారు కొలువు రాదు కదా.

వినపడని అబ్బాయిని రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్‌కు ఒకరోజు తీసుకెళ్లు, ఇప్పటికి చూడ్డానికే. మాట వినపడకపోతే ఎట్లా అంటాడు ఓనరు. వాదించకు. దారాలు ఎక్కడ కత్తిరించాలో ఒక్క ప్యాంటు మీద చేసి చూపించమను. సూది విరిగితే, ముక్క తిరగబడితే చెప్పడానికి ఇద్దరూ రెండు మూడు సైగలు అనుకోనీ. పిలవాలంటే భుజం తట్టాలని పక్కవాళ్లకు చెప్పు. పని ఆగిపోతుందేమోనన్నదే ఆయన భయం, అది కళ్లారా చూస్తేనే పోతుంది.

బుద్ధి ఎదుగుదల తక్కువున్న అమ్మాయికి పనికన్నా ముందు బస్సు నేర్పాలి. పల్లెవెలుగు ఎక్కడం, ఆధార్ చూపించి ఫ్రీ టికెట్ అడగడం, తన స్టాపులో దిగడం. కొన్నాళ్లు పక్కన కూర్చో. తర్వాత రెండు సీట్లు వెనక్కి జరుగు. ఆ తర్వాత నువ్వు స్టాపులోనే ఉండు, తనొక్కతే రానీ. ఎన్ని వారాలు పట్టినా విసుక్కోకు. ఇది రాక పని మానేసిన పిల్లల్ని తలుచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది.

జీతం వస్తే దివ్యాంగుల పింఛను పోతుందని అమ్మానాన్నలు జంకుతారు. నెలకు 6,000 అంటే ఆ ఇళ్లకు పెద్ద దన్ను, కొట్టిపారేయకు. వాళ్లను వెంటబెట్టుకుని సచివాలయానికి వెళ్లి, వాళ్ల ముందే అడిగి తేల్చుకో.

రేపు పనిలో చేరాక మొదటి నెలంతా వారానికోసారి వెళ్లిరా. మానేసేది ఎక్కువగా అప్పుడే. జీతం మాత్రం బిడ్డ సొంత ఖాతాలోనే పడాలి. ఖాతా లేనివాళ్లకు ఈ సెలవుల్లోనే తెరిపించు.

ఆశీస్సులతో,
మీ పాత మేడమ్