కిడెపో దాకా వెళ్లాలి, అప్పు చేయొచ్చా?

హన్మకొండ నుంచి ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడి ప్రశ్న: "నాకు 58 ఏళ్లు. మరో మూడేళ్లలో రిటైర్మెంట్. ఉగాండాలోని కిడెపో వ్యాలీ నేషనల్ పార్కు చూడాలని నాకూ మా ఆవిడకూ ఎప్పటినుంచో కోరిక. 2027 సంక్రాంతి సెలవుల్లో వెళ్దామనుకుంటున్నాం. ట్రావెల్ ఏజెంట్ పార్కు దాకా చార్టర్ విమానం, పెద్ద లాడ్జితో ఇద్దరికీ కలిపి రూ.11.20 లక్షలు, పైన టీసీఎస్ రూ.74,000 అన్నాడు. డిసెంబర్‌లో రూ.6 లక్షల ఎఫ్‌డీ చేతికొస్తుంది. మిగతాదానికి 12.5 శాతం వడ్డీకి రూ.5 లక్షల పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?"

లోన్ వద్దండీ. ప్రయాణం మాత్రం మానుకోనక్కర్లేదు. రూ.5 లక్షలకు మూడేళ్ల ఈఎంఐ నెలకు సుమారు రూ.16,730 పడుతుంది, మొత్తం వడ్డీ లక్ష దాటుతుంది. అది తీరేది సరిగ్గా మీరు రిటైరయ్యే ముంగిట్లో. జీతం పెన్షన్‌గా మారే సమయానికి ఏ కిస్తీ మిగలకుండా ఉండటం ముఖ్యం. పైగా మీ ఏజెంట్ లెక్కలో మీరు కోరని ఖరీదు ఒకటి ఉంది. అది తీసేస్తే మీ ఎఫ్‌డీయే సరిపోతుంది.

ముందు టీసీఎస్ సంగతి, అంటే టూరు అమ్మేవాళ్లు మన దగ్గర ముందే వసూలు చేసి కట్టే పన్ను. ఆయన వేసింది పాత రేటు: 10 లక్షల దాకా 5 శాతం, ఆ పైన 20 శాతం. అంటే 50,000కు 24,000 కలిపి 74,000. 2026 బడ్జెట్ విదేశీ టూర్ ప్యాకేజీలకు దీన్ని మొత్తం మీద 2 శాతానికి తగ్గించింది. 2026 ఏప్రిల్ 1 నుంచి కడితే 11.20 లక్షల మీద రూ.22,400 అవుతుంది. ఇది ఖర్చు కాదు, మీ పాన్ మీద ముందుగా జమయ్యే పన్ను. ఆ రసీదు మీ జీతం బిల్లు చేసే అధికారికి (డీడీఓ) ఇస్తే జీతంలో కోసే టీడీఎస్‌లో సర్దుతారు, లేదా రిటర్నులో వెనక్కి వస్తుంది. ఏజెంట్ ఇచ్చిన కోట్ (ధరల కాగితం) పాతదైతే కొత్తది రాయించుకోండి. టీసీఎస్ పాతదంటే డాలరు రేటు కూడా పాతదే అయి ఉంటుంది.

ఇక అసలు ఖర్చు. కిడెపో ఉగాండా ఈశాన్య మూలన, కరమోజా ప్రాంతంలో, దక్షిణ సూడాన్ సరిహద్దును ఆనుకుని ఉంటుంది. విస్తీర్ణం 1,442 చదరపు కిలోమీటర్లు. 1962లో నేషనల్ పార్కు అయింది. రాజధాని కంపాలా నుంచి రోడ్డు మీద వెళ్తే దారిలో ఒక రాత్రి ఆగక తప్పదు. ఆ దూరానికి భయపడి చాలామంది చిన్న విమానం ఎక్కుతారు. మీ కోట్‌లో బరువంతా అక్కడే ఉంది: చార్టర్ విమానం, దానికి తగ్గ ఖరీదైన లాడ్జి. పైగా చిన్న విమానాల్లో మనిషికి సాధారణంగా 15 కిలోల మెత్తటి సంచి మించి ఎక్కనివ్వరు. రోడ్డు మీద వెళ్తే గులు పట్టణంలో ఒక రాత్రి ఆగి, మర్నాడు కిట్గుమ్ మీదుగా పార్కు చేరతారు. కిట్గుమ్ దాటాక ఎర్రమట్టి రోడ్డు. ట్యాంకు అక్కడే నింపించాలి, డబ్బు అంతకుముందే తీసి ఉంచుకోవాలి. ఆ తర్వాత ఏటీఎం దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకండి.

డాలరును రూ.95గా పట్టుకుని లెక్క వేశాను. ప్రయాణం నాటికి రూపాయి ఇంకాస్త జారినా ఇబ్బంది పడకూడదు కదా. డ్రైవరు, డీజిల్‌తో కలిపి ఫోర్ వీల్ డ్రైవ్ బండికి రోజుకు సుమారు 230 డాలర్ల చొప్పున ఆరు రోజులకు రూ.1.31 లక్షలు. పార్కులో మూడు రాత్రులు భోజనంతో సహా, విమానం దిగే ఎంటెబ్బేలో రెండు, గులులో రెండు రాత్రులు, అన్నీ మధ్యరకం బసలైతే రూ.1.02 లక్షలు. పార్కు ప్రవేశ రుసుం విదేశీయులకు తలకు రోజుకు సుమారు 40 డాలర్లు, ఇద్దరికి మూడు రోజులకు రూ.23 వేలు. రేంజరు, ఊళ్ల సందర్శన రుసుములు రూ.19 వేలు. వీసా తలకు 50 డాలర్లు, అంటే రూ.9,500. హైదరాబాద్ నుంచి ఆడిస్ అబాబా మీదుగా ఎంటెబ్బేకు రానూపోనూ టికెట్లు ఇద్దరికి రూ.1.30 లక్షలు. ఇన్సూరెన్స్, టీకాలకు రూ.15 వేలు, దారి ఖర్చులు, టిప్పులకు రూ.24 వేలు. మొత్తం నాలుగున్నర లక్షల పైచిలుకు. పది శాతం చేతి కింద ఉంచుకుంటే రూ.5 లక్షలు. మిగిలిన లక్షను ముట్టుకోకండి.

ఈ లెక్కలో మనుషుల సంఖ్యతో తగ్గే పద్దు బండి ఒక్కటే. ఇద్దరెక్కినా నలుగురెక్కినా ఆ రూ.1.31 లక్షలు మారవు. తోటి ఉపాధ్యాయ దంపతులు ఇంకొకరు వస్తే మీ వాటా రూ.65 వేలకు దిగుతుంది. ఏజెంటు దగ్గర బేరమాడి సాధించే తగ్గింపు దీని ముందు ఏపాటిది?

ప్రవేశ రుసుం రోజు తేదీతో కాదు, 24 గంటలతో నడుస్తుంది. మధ్యాహ్నం మూడింటికి గేటు దాటితే నాలుగో రోజు మూడింటిలోపు బయటపడాలి. లేదంటే ఇంకో రోజు రుసుం. ఉదయం పార్కులోని నరుస్ లోయలో మరో చుట్టు అనుకున్నారంటే గడియారం చూసుకుని బయల్దేరండి. జనవరి అక్కడ ఎండాకాలం. నీరు నరుస్ లోయలోనే మిగులుతుంది కాబట్టి గేదె మందలు, ఏనుగులు, వాటి వెంట సింహాలు అక్కడే చేరతాయి. మీ సంక్రాంతి సెలవులు ఈ విధంగా కలిసొచ్చాయి. కిడెపో నది మాత్రం అప్పుడు ఉత్త ఇసుక. దాని ఒడ్డున తాటిచెట్లు కనిపిస్తాయి, మన తాడికి దగ్గరి చుట్టాలే.

చేతిలో ఉండాల్సిన డబ్బు గురించి. ఉగాండా షిల్లింగు మన ఫారెక్స్ కార్డుల్లో సాధారణంగా ఉండదు. డాలరు కార్డుతో అక్కడ గీస్తే మళ్లీ మార్పిడి చార్జీ పడుతుంది. 500 డాలర్ల దాకా నోట్లు పట్టుకెళ్లండి, 2009 తర్వాత అచ్చయినవే. ఇక్కడ మార్చేటప్పుడే ఒక్కో నోటు విప్పి చూడండి. అంచు చిరిగినా, ముద్ర పడినా, పెన్ను గీత ఉన్నా కంపాలాలో కౌంటరు మనిషి దాన్ని వెలుతురుకు పట్టి చూసి పక్కకు తోసేస్తాడు. 50, 100 నోట్లకు మంచి రేటు, చిన్న నోట్లకు తక్కువ.

ఉగాండా ఆపరేటర్‌కు నేరుగా పంపితే బ్యాంకులో విదేశాలకు సొమ్ము పంపే ఏ2 ఫారం నింపాలి. మధ్య బ్యాంకుల చార్జీలు మీరే భరిస్తామని టిక్ పెట్టండి. లేకపోతే 20-30 డాలర్లు తక్కువ చేరి, బుకింగు ఖరారు కాలేదని మెయిల్ వస్తుంది. అడ్వాన్సు 30 శాతం మించి ఇవ్వకండి. ఎఫ్‌డీ డిసెంబర్‌లో వస్తుంది కాబట్టి, మిగతా సొమ్ము గడువు దాని తర్వాత పడేలా ముందే రాయించుకోండి. ఈ ఒక్క తేదీ తప్పితే ఎఫ్‌డీని మధ్యలో విరగ్గొట్టి వడ్డీ పోగొట్టుకుంటారు.

ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు పడాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఆ కార్డు లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. సెలవు అయిపోతుంది, జీతం కోత కూడా పడొచ్చు. ఇన్సూరెన్సులో షుగర్, బీపీ ఉంటే దాచకండి. విమానంలో ఆసుపత్రికి తరలించే ఖర్చు ఎంత దాకా ఇస్తారో పాలసీలో వెతకండి, అది లేని పాలసీ కిడెపోకు పనికిరాదు. కరమోజాలో పశువుల దోపిడీల చరిత్ర ఉంది. ప్రభుత్వం వెళ్లొద్దని హెచ్చరించిన ప్రాంతానికి క్లెయిము ఇవ్వబోమనే షరతు ఉందేమో చూసి, టికెట్ కొనే ముందు కంపాలాలోని భారత హైకమిషన్ సూచనలు చదవండి.

కరమోజాలో పశువులు మేపుకుని బతికే కరమోజోంగ్‌ల మన్యట్టా (కంచె కట్టుకున్న ఊరు) చూడటానికి వెళ్తే ముళ్లకంచెలో ద్వారం ఎంత చిన్నదంటే నడుం వంచి, దాదాపు పాకుతూ లోపలికి వెళ్లాలి. మోకాళ్ల నొప్పులుంటే బయటే కూర్చోవచ్చు. రుసుం గైడు ద్వారా ఊరి పెద్దకు ముందే ఇప్పించండి, ఫొటోలు అందులో ఉన్నాయో లేదో అప్పుడే తేల్చుకోండి. పిల్లల చేతిలో డబ్బు పెట్టకండి. మొరుంగోలె కొండ మీది ఇక్ ప్రజల ఊళ్లకు రేంజరుతో నడిచి ఎక్కాలి, రోజంతా పడుతుంది. ఒకప్పుడు ఈ లోయలో వేటాడి బతికిన వాళ్లను పార్కు కోసమే బయటికి పంపారు. అక్కడ ఇచ్చే రుసుంలో బేరమాడకండి.

చివరిగా ఒక కాగితం పని. విదేశీ ప్రయాణానికి శాఖాపరమైన అనుమతి మీకు తప్పనిసరి. దరఖాస్తులో ఖర్చు ఎంత, డబ్బు ఎక్కడిది అని అడిగితే ఎఫ్‌డీ రసీదు జతచేయండి. ఆగస్టులోనే పెట్టుకోండి. రద్దు చేసుకుంటే సొమ్ము వెనక్కిరాని టికెట్లను అనుమతి చేతికొచ్చాకే కొనండి.