కాలనీ కరెంటు తీగలు భూమిలో వేయించాలంటే ఖర్చు ఎవరిది?

సందేహం: మాది శ్రీకాకుళం పట్టణంలో 42 ఇళ్ల కాలనీ. నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. మా వీధిలో 11 కేవీ (11 వేల వోల్టుల) తీగలు కొన్ని బాల్కనీలకు చేయి చాస్తే అందేంత దగ్గరగా వెళ్తున్నాయి. ఈ లైను 2012లో వేశారు. అప్పటికే సగం ఇళ్లున్నాయి. మిగిలిన ఇళ్లు, కొన్ని పై అంతస్తులు తర్వాత కట్టినవి. తీగలు తీసి భూమిలో కేబుల్ వేయమని విద్యుత్ పంపిణీ సంస్థను అడిగితే ఖర్చంతా కాలనీయే కట్టాలన్నారు. ఇది న్యాయమేనా? ఐదు ఇళ్లవారు వాటా ఇచ్చేది లేదంటున్నారు. ఒకాయన తన గేటు ముందు తవ్వనివ్వనంటున్నారు. ఏం చేయమంటారు?

సలహా: మాస్టారూ, మీకు రుచించని మాటే ముందు చెబుతాను. తీగలను భూమిలోనే వేయాలని పట్టుబట్టే హక్కును విద్యుత్ చట్టం, 2003 వినియోగదారుకు ఇవ్వలేదు. లైను స్తంభాల మీద వెళ్లాలా, నేలలో వెళ్లాలా అన్నది పంపిణీ సంస్థ తీసుకునే సాంకేతిక నిర్ణయం. కోర్టులు అందులో తేలిగ్గా తలదూర్చవు. బట్టమేక పిట్ట కేసే చూడండి. తీగలకు తగిలి చనిపోతున్న ఆ పక్షి కోసం రాజస్థాన్, గుజరాత్‌లలో లైన్లను భూగర్భంలోకి మార్చాలని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో ఆదేశించింది. అంత విశాల ప్రాంతమంతటా అలా మార్చడం ఆచరణలో కుదరదంటూ 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించి, విషయాన్ని నిపుణుల కమిటీకి అప్పగించింది. అందుకే హైకోర్టులో రిట్ వేస్తే కేబుల్ వచ్చేస్తుందని మీకు ఆశ పెట్టలేను.

కానీ మీ చేతిలో అంతకంటే గట్టి హక్కు ఒకటుంది. అది దూరం. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం 11 కేవీ తీగ భవనంలోని ఏ భాగానికైనా పక్కనుంచి కనీసం 1.2 మీటర్లు, పైనుంచి వెళ్తే కనీసం 3.7 మీటర్లు ఎడంగా ఉండాలి. ఇళ్లకు కరెంటు ఇచ్చే మామూలు లైనుకైతే పక్కన 1.2, పైన 2.5 మీటర్లు. ఈ కొలత గాలి లేని ఉదయం పూట తీగ ఉన్న చోటు నుంచి తీసేది కాదు. ఈదురుగాలికి తీగ ఎంత ఊగుతుందో, ఎండకు ఎంత జారుతుందో లెక్కగట్టి తీయాలి. ఎదురుగా 1.2 మీటర్లు కనిపించినా నిబంధన మీరినట్టే కావచ్చు. కాబట్టి అర్జీలో 'భూగర్భ కేబుల్ కావాలి' అని మొదలుపెట్టకండి. 'ఫలానా ఇళ్ల వద్ద భద్రతా దూరం లేదు, సరిచేయండి' అని మొదలుపెట్టండి. సరిచేసే మార్గాల్లో కేబుల్ ఒకటి అవుతుంది.

అసలు చిక్కు మీరు రాసిన 2012లోనే ఉంది. లైను ముందా, ఇల్లు ముందా? ఇల్లు ముందుండి, లైను తర్వాత దూరం పాటించకుండా వచ్చి ఉంటే తప్పు వేసినవారిది. సరిచేసే ఖర్చు మీ మీద వేయడం న్యాయం కాదని గట్టిగా వాదించవచ్చు. లైను ఉండగా కట్టుకున్న ఇల్లయితే కథ మారుతుంది. కట్టబోయేవారు ముందుగా పంపిణీ సంస్థకు, విద్యుత్ తనిఖీ అధికారికి లిఖితపూర్వకంగా తెలపాలి. లైను జరపాల్సి వస్తే ఆ ఖర్చు కట్టేవారే భరించాలి. ప్లానులో లేని బాల్కనీని వీధిలోకి పెంచుకున్నవారి వాదన మరీ బలహీనం. అంటే మీ 42 ఇళ్లది ఒకే కేసు కాదు. అందరూ కలిసి ఒకే కాగితం మీద సంతకాలు పెడితే బలమున్న ఇళ్ల వాదన కూడా పలచబడుతుంది. లైనుకు ముందు కట్టిన ఇళ్ల జాబితా, వాటి ప్లాను అనుమతి, ఇంటి పన్ను రసీదులు వేరుగా సిద్ధం చేయండి. లైనులో కరెంటు పారించిన తేదీ, దాని మార్గం పటం సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

తీగ తగిలి పోయిన ప్రాణాల కేసులు నేను వాదించాను. తీగ కారణంగా మనిషి చనిపోతే నిర్లక్ష్యం రుజువు కాకపోయినా సరఫరాదారే బాధ్యుడని మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు 2002లో తేల్చింది. ఆ తీర్పు చూపించి పరిహారం ఇప్పించగలం. మేడ మీద బట్టలు ఆరేయడానికి వెళ్లి తిరిగి రాని ఇల్లాలి కుటుంబానికి ఆ చెక్కు అందించడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ఇప్పుడే కదలమంటున్నాను.

అర్జీ మొదట పంపిణీ సంస్థ స్థానిక సెక్షన్ కార్యాలయంలో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఒక ప్రతి విద్యుత్ తనిఖీ విభాగానికి పంపండి. అది పంపిణీ సంస్థ కింద పనిచేసే విభాగం కాదు, రాష్ట్ర ప్రభుత్వానిది. కాబట్టి దాని నివేదికకు విలువ ఎక్కువ. ఫలితం లేకపోతే విద్యుత్ చట్టంలోని 42(5) సెక్షన్ కింద ఏర్పడిన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. మీరే వాదించుకోవచ్చు, వకీలు అక్కరలేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా శాశ్వత లోక్ అదాలత్‌ను ఆశ్రయించడం మరో దారి. విద్యుత్ సరఫరా దాని పరిధిలోనిదే.

ఇక కాలనీ సొంత ఖర్చుతో కేబుల్ వేయించుకోవడం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటాక ఉద్దానంలో కూలిన స్తంభాలు చూసిన జిల్లా మనది. హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో ప్రపంచ బ్యాంకు రుణంతో భూగర్భ కేబుళ్లు వేశారు. కాబట్టి మీ కోరికను తప్పుపట్టను. డబ్బు కట్టే ముందు అంచనా పత్రం వివరంగా తీసుకోండి. పాత స్తంభాలు, తీగల విలువ అందులో తగ్గించమని అడగండి. మీ డబ్బుతో వేసినా కేబుల్ పంపిణీ సంస్థ ఆస్తే అవుతుంది, మరమ్మతు బాధ్యత కూడా వారిదే. ఆ మాట రాతలో ఉండాలి. వాననీరు నిలిచే వీధి అయితే కేబుల్ నుంచి ఇళ్లకు కరెంటు పంచే పంపిణీ పెట్టెలను నీటి మట్టానికి పైన దిమ్మ కట్టి పెట్టించండి. వీధి దీపాల స్తంభాలు ఎలాగూ ఉంటాయి. వాటికి కేబుల్ టీవీ, ఇంటర్నెట్ తీగలు వేలాడుతూ ఉంటే చూపులో పెద్ద మార్పు రాదు. వారితో కూడా ముందే మాట్లాడండి.

వాటా ఇవ్వని ఐదు ఇళ్లవారిని బలవంతపెట్టలేరు. వారి కరెంటు ఆపించాలన్న ఆలోచన ఎవరికైనా ఉంటే ఇక్కడే మానుకోండి. అడిగినవారికి సరఫరా ఇవ్వడం విద్యుత్ చట్టం 43వ సెక్షన్ కింద సంస్థ విధి. అయితే ఒప్పుకున్నవారి చేత మాత్రం ఇప్పుడే రాయించుకోండి. 1886లో హౌరా టౌన్‌హాల్ నిర్మాణానికి 100 రూపాయలు రాసిచ్చి తర్వాత ఇవ్వనన్న వ్యక్తి, ఆ మాట నమ్మి పనులు అప్పగించారు కాబట్టి ఇవ్వాల్సిందేనని కలకత్తా హైకోర్టు చెప్పింది. సంతకం చేసిన కాగితం మీకూ అలాగే ఉపయోగపడుతుంది.

గేటు ముందు తవ్వనివ్వనన్న పెద్దమనిషి విషయానికి వస్తే, ఆ చోటు నగరపాలక సంస్థ రోడ్డయితే ఆయన అనుమతి అక్కరలేదు. అదే చట్టం 67వ సెక్షన్ కింద పంపిణీ సంస్థ వీధి తవ్వవచ్చు. నష్టం జరిగితే పరిహారమిచ్చి, తవ్విన చోటు పూడ్చాలి. కేబుల్ ఆయన సొంత స్థలంలోంచి వెళ్తేనే ఆయన ఒప్పుకోలు గానీ జిల్లా కలెక్టర్ ఉత్తర్వు గానీ కావాలి. కోర్టు మాట ఎత్తకముందు ఆయనను ఒకసారి అడగండి, ఆయన భయం తవ్వకం గురించా, గేటు ఎదుట పెట్టె వస్తుందనా? పెట్టె గురించే అయితే దాన్ని పార్కు గోడ వారకు జరిపిస్తే సరిపోతుంది.

ఒక్కటి మాత్రం ఈ వారమే చేయండి. ఎక్కువ ప్రమాదం ఉన్న ఇళ్ల వద్ద తాత్కాలికంగా తొడుగున్న కేబుల్ వేయమని వేరే అర్జీ ఇవ్వండి. దూరం ఎంతుందో చూద్దామని ఎవరూ టేపు గానీ కర్ర గానీ తీగ దగ్గరకు తీసుకెళ్లకుండా చూడండి. ఆ కొలత తనిఖీ అధికారి తీస్తారు.