ధూపం సెంటు ఒక్క నొక్కు చాలు

చి. కార్తీక్‌కి ఆశీస్సులు.

ఒమన్ కంపెనీ అమువాజ్ వాళ్ల ధూపం సెంటు ఇంటర్‌ల్యూడ్ మ్యాన్ కొనాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. సీసా ఇప్పుడే వద్దురా. ముందు 2 ఎం.ఎల్. శాంపిల్ తెప్పించుకో. ఒక్కో నొక్కుకి దాదాపు 0.1 ఎం.ఎల్. పోతుంది, అంటే ఇరవై రోజులు వేసుకుని చూడొచ్చు.

మన సాంబ్రాణి వాసన ఉంటుందని ఆశపెట్టుకోకు. సాంబ్రాణిది తియ్యటి వాసన, వెనిల్లాకు దగ్గర. ఇందులోది లుబాన్ ధూపం. ఒమన్‌లో ధోఫార్ ప్రాంతపు చెట్ల జిగురుని అలా అంటారు. దానికి నిమ్మతొక్క పులుపు, మిరియాల ఘాటు ఉంటాయి. ఈ సెంటులో పైనుంచి ఒరెగానో కూడా ఉంది కాబట్టి మొదటి అరగంట కషాయంలా గుప్పుమంటుంది. చాలామంది అక్కడే బెదిరిపోయి కడిగేసుకుంటారు. నువ్వు ఆగు. తేలిక నూనెలు ముందు ఎగిరిపోతాయి, బరువైన జిగుళ్లు ఒంటివేడికి నెమ్మదిగా విచ్చుకుంటాయి. రెండో గంట దాటాక వచ్చే ఆ వెచ్చదనం కోసమే ఇంత డబ్బు పెట్టేది. షాపులో కాగితం ముక్క మీద చూసి తేల్చెయ్యకు, కాగితానికి ఒంటివేడి ఉండదు.

మొదటిసారి మోచేతి మడతలో వేసి ఒక రోజు చూడు. దురద పుడితే ఇక మానెయ్. లేకపోతే స్నానం చేసి, ఒళ్లు బాగా తుడుచుకుని, వాసన లేని మాయిశ్చరైజర్ ఛాతీకి కొంచెం రాయి. పొడి చర్మం మీద సెంటు త్వరగా పోతుంది. జానెడు దూరం నుంచి ఒక్క నొక్కు. ఆరాకే చొక్కా వేసుకో, లేకపోతే మరక పడుతుంది. పట్టుబట్టల మీద అసలు కొట్టకు.

మెడకి వద్దు. ముక్కుకి మరీ దగ్గరైతే ముక్కు అలవాటుపడి నీకు వాసన తెలియదు. పోయిందనుకుని ఇంకోసారి కొడతావు, పక్కవాళ్లకి తలనొప్పి. ఈ రకం సెంట్లతో అందరూ చేసే తప్పు ఇదే. అనుమానం వస్తే ఇంట్లోవాళ్లని అడుగు, సీసా మాత్రం తీయకు.

మే నెల హైదరాబాద్ ఎండకి ఇది మొహం మొత్తుతుంది. డిసెంబరు, జనవరి సాయంత్రాలకి పెట్టుకో. ఏసీ మీటింగ్ గదికీ ఆస్పత్రికీ వద్దు.

తీపి లేకుండా పొగే కావాలనిపిస్తే జపాన్ ఫ్యాషన్ కంపెనీ కొమ్ దె గార్సోన్ వాళ్ల అవిన్యోన్ అనే సెంటు కూడా శాంపిల్ తెప్పించు. 2002లో వచ్చింది, చర్చి ధూపంలా చల్లగా, పొడిగా ఉంటుంది.

ఏది కొన్నా బాత్‌రూమ్ అరలో పెట్టకు, వేడికి పాడవుతుంది. డబ్బాతో సహా బీరువాలో ఉంచు.

శాంపిల్ సగం అయ్యాక ఫోన్ చెయ్యి. రెండో గంటలో ఎలా ఉందో చెబితే, సీసా సంగతి అప్పుడు చూద్దాం.

మీ మామయ్య